గాజు బట్ట తడిసే గంట

మొదటి డబ్బా పోసేసింది, ఇక వెనక్కి లేదు. బోర్లించిన పడవ వెన్ను మీద, సరిగ్గా నడిమధ్యన, తేనె కంటే కాస్త పలుచగా ఉన్న రెజిన్ జిగురు మడుగు కట్టి రెండు పక్కలకీ జారబోతుంటే, నోరీన్ చేతిలోని ప్లాస్టిక్ రేకుతో దాన్ని అడ్డుకుని, రొట్టె మీద వెన్న రాసినట్టు, మధ్య నుంచి అంచుకి, మళ్లీ మధ్య నుంచి అంచుకి లాగుతోంది. తెల్లటి గాజు బట్ట తడిసిన చోటల్లా మాయమవుతోంది. బట్ట ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది, కంటికి మాత్రం లేదు. దాని అడుగు నుంచి దేవదారు బద్దలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి, టీ రంగుది ఒకటి, దాల్చినచెక్క రంగుది ఒకటి, వాటి మధ్య ఎండిన గులాబీ రేకులాంటిది ఇంకొకటి. డిసెంబరు నుంచీ దుమ్ము కొట్టుకుని బూడిద మొహం వేసుకున్న చెక్క ఇదేనా అనిపించింది. అనిపించినా చెయ్యి ఆగలేదు. ఆగకూడదు. కలిపిన రెజిన్ డబ్బాలో ఇరవై నిమిషాలకు మించి నిలవదు, పడవ మీద పరిచింది గంటన్నరలో బిగుసుకుంటుంది. పదహారడుగుల పడవ, ఆరు డబ్బాలు, రెండు చేతులు. లెక్క సరిపోతుంది. లెక్క సరిపోతుందని నిన్న రాత్రే కాదు, మార్చి నుంచీ తెలుసు.

"ఐదుం పావు," అంది డెల్ఫీన్, గరాజు మూలన మడత కుర్చీలోంచి. టైము చెప్పడం, రెండు సీసాల పంపులు ఎన్నిసార్లు నొక్కుతున్నదీ లెక్కపెట్టడం ఈ పూటకి ఆమె పని. రెజిన్ ఒక నొక్కు, హార్డనర్ ఒక నొక్కు. ఒక్కటి తప్పినా ఆ డబ్బా ఎప్పటికీ గట్టిపడదు. పదేళ్ల వయసు నుంచీ స్నేహితురాళ్లు, ఇప్పుడు ఇద్దరికీ అరవై ఆరు. డెల్ఫీన్ ఎడమ చెయ్యి ఒళ్లో ఉంది. దాని మీద కుడి చెయ్యి పెట్టి నొక్కిపట్టుకుని ఉంది, ఎగిరిపోయే పిట్టని పట్టుకున్నట్టు. రెండున్నరేళ్లుగా అలాగే కూర్చుంటోంది. పార్కిన్సన్ అని డాక్టరు చెప్పినరోజు ఫోన్ చేసి, "నా చెయ్యి నా మాట వినడం మానేసిందే, నా మొగుడిలాగే," అని నవ్వింది.

గరాజు తలుపులు మూసే ఉన్నాయి. మే నెల, బయట నల్ల ఈగల కాలం. ఒక్క ఈగ లోపలికొచ్చి తడి రెజిన్ మీద వాలిందా, అది చచ్చేదాకానే కాదు, పడవ చచ్చేదాకా అక్కడే ఉంటుంది. పొద్దున్నే ఎందుకు మొదలుపెట్టలేదని నోరీన్ మొగుడు క్లేటన్ అడిగాడు. చెక్కకి ఊపిరి ఉంటుంది, వేడెక్కుతున్నంతసేపూ బయటికి వదులుతుంది, చల్లబడుతుంటే లోపలికి పీలుస్తుంది, పొద్దున్న రాస్తే ఆ ఊపిరంతా బట్ట కింద బుడగలై నిలుస్తుంది, అందుకే పొద్దు వాలేదాకా ఆగాలి అని చెప్పింది. ఓహో అన్నాడు. మొగుడు మంచివాడే. కానీ తలుపు దగ్గర నిలబడి అలా కాదేమో అంటాడు, మరి ఎలాగో మాత్రం చెప్పడు. అందుకే నాలుగింటికే ఒక చీటీ చేతికిచ్చి పీటర్‌బరో పట్నానికి పంపేసింది. చీటీలో రాసిన ఇత్తడి స్క్రూలు అరలో ఇప్పటికే రెండు డబ్బాలున్నాయి. దొరకలేదని తిరిగొచ్చినా ఫరవాలేదు, దొరికినా ఫరవాలేదు, ఏడింటిదాకా రాకపోతే చాలు.

రెండో డబ్బా. రేకుని కాస్త నిలువుగా పట్టుకుని, మెరుస్తున్న చోటల్లా గీకి, అదనంగా ఉన్నదాన్ని పక్కనున్న డబ్బాలోకి దులుపుతోంది. మెరవకూడదు. మెరిసిందంటే బట్ట రెజిన్ మీద తేలుతోందని అర్థం. తెల్లగానూ ఉండకూడదు, తెల్లగా ఉంటే దాహం తీరలేదని. రెండింటికీ మధ్య, ఉతికి ఆరేసిన దుప్పటి నేతలా, మసక నిగారింపుతో ఉండాలి. ఒక్కో చెంచా రెజినూ బరువే. పడవంతా కలిపి నలభై నాలుగు పౌండ్లు. నలభై ఐదు కూడా కాదు. బద్దలు పావంగుళం మందానికి కోయించింది అందుకే, నడుము కర్రకి బరువైన యాష్ చెక్క వద్దని చెర్రీ చెక్క తెచ్చింది అందుకే. ఈ పడవని ఆగస్టులో తనొక్కతే భుజాల మీద ఎత్తుకుని, తల లోపల దూర్చి, టెమాగమి అడవిలో రాళ్లమీద నడవాలి. రెండో మనిషి ఏమీ మోయదు. మోయలేదు. అది మాట్లాడుకున్నది కాదు. అనుకున్నదీ కాదు. పలక మీద అంకె వేసినట్టు ఎప్పుడో పడిపోయింది, అంతే.

మా నాన్న చూస్తే ఏమంటాడు, అనుకుంది. ఏమీ అనడు. కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనించి ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తాడు. పట్నంలో నాన్న పనిచేసిన పడవల ఫ్యాక్టరీ మూతపడేనాటికి తనకి నాలుగేళ్లు. నాన్న చొక్కా వాసన తప్ప తనకేమీ గుర్తులేదు, పెన్సిలు చెక్కినప్పుడు వచ్చే వాసన. తర్వాత ఇరవై నాలుగేళ్లు ఆయన ఏవో మోటార్ల ఫ్యాక్టరీలో తీగలు చుట్టాడు. ఇంట్లో పడవ కట్టొచ్చుగా అని అమ్మ అంటే, కట్టడానికి నాకింకో ఐదుగురు మగాళ్లు కావాలి అనేవాడు. కానీ ఎవరింటికెళ్లినా భోజనాల బల్ల మీద కళ్లు మూసుకుని చెయ్యి వేసి రాసేవాడు. కన్నుకి కనపడని మిట్ట అరచేతికి తెలుస్తుందనేవాడు. నాన్నా, ఐదుగురు మగాళ్లు అక్కర్లేదు, ఒక ఆడది, నూట అరవై బిగింపు కర్రలు, ఒక చలికాలం, చాలు. అచ్చు చట్రాలు నిలబెట్టి, బద్ద మీద బద్ద జిగురుపెట్టి, పొద్దున్న ఒకటి సాయంత్రం ఒకటి, ఏడో చట్రం దగ్గర ఉన్న మిట్ట కంటికి ఆననే లేదు, ఫిబ్రవరిలో ఒకరోజు కళ్లు మూసుకుంటే చేతికి దొరికింది. చిత్రిక పట్టి ఏడు రేకులు లేపేసరికి పోయింది. ఆ రోజు లోపలికెళ్లి సూపు తాగుతూ ఏడ్చింది. క్లేటన్ కారమెక్కువైందా అని అడిగాడు.

"నోరీన్."

"ఊ."

"ఒకటి చెప్తాను, ఆపకుండా విను."

"ఆపలేనుగా. మూడో డబ్బా, లెక్కపెట్టు."

డెల్ఫీన్ లెక్కపెట్టలేదు. "ఆపలేవనే ఇప్పుడు చెప్తున్నా. ఉత్తప్పుడైతే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. ఆగస్టుకి నేను రావట్లేదే. పడవ నీకు సరిపోయేట్టు కట్టుకో. ఒక్కదానికి."

నోరీన్ వెళ్లి పంపులు నొక్కుతూ తనే లెక్కపెట్టుకుంది. ఒకటి, ఒకటి. రెండు, రెండు. ఎనిమిది, ఎనిమిది. కర్రతో కలిపింది, రెండు నిమిషాలు కలపాలి, అడుగు గీకాలి, అంచులు గీకాలి. స్కూలు బస్సు నడిపిన ముప్పై ఒక్క ఏళ్లలో ఇలాంటివి ఎన్ని విన్లేదు. వెనక నలభై ఎనిమిది మంది పిల్లలు, ముందు మంచు పేరుకున్న కంకర రోడ్డు, అప్పుడే ఎవడో ఒకడు సీట్లోంచి లేచి, మిస్, నాకు వాంతి వస్తోంది అంటాడు. వాంతి చేసుకో నాయనా, నా చేతులు చక్రం మీద ఉన్నాయి. బస్సు ఒక్కసారి కూడా గుంటలో దిగలేదు. ఇదీ అంతే. పోసింది. లాగింది. మధ్య నుంచి అంచుకి. ఎప్పుడనుకుందో ఈ మాట, పొద్దున్న ఒకే కారులో నవ్వుకుంటూ వెళ్లి చేతి తొడుగులు కొనుక్కొచ్చారు, అప్పుడే అనుకుని ఉందా, తొడుగులు రెండు జతలు చాలు అన్నప్పుడు. దాని కొడుకు అన్నాడా. డాక్టరా. ఒక్కదానికి అంటే ఎలా ఉంటుంది ఆ పడవ, ఒక్క సీటు, మధ్యలో, ముందంతా ఖాళీ. అదేమంత కష్టం కాదు. పదమూడడుగులది కట్టి ఉండాల్సింది అప్పుడు. పదహారడుగులు ఎందుకు కట్టాను మరి, డిసెంబరులో చెప్పి ఉండొచ్చుగా, డిసెంబరులో దానికీ తెలీదేమో.

ఆగస్టులో మళ్లీ పట్టాలనుకున్న ఆ టెమాగమి దారి గుర్తొచ్చింది. డెబ్బై నాలుగు, జూలై. ఇద్దరికీ పదిహేడు. ఆడపిల్లల క్యాంపు వంటింట్లో పళ్లేలు కడిగే పని, పది రోజులు సెలవిచ్చి కాన్వాసు పడవ ఒకటి అరువిచ్చారు. ఎనభై పౌండ్ల పడవ, వానకి తడిసి ఇంకో పది. ఒక సరస్సు దాటడం, పడవ నెత్తికెత్తుకుని మోతదారిలో నడవడం, ఇంకో సరస్సు. నాలుగోరోజు కొంగల సరస్సుకి పోయే ఆఖరి మోతదారి, పద్నాలుగు వందల మీటర్లు, సగంలో ఉరుములు. పడవ కింద చీకట్లో తన ఊపిరి తనకే పెద్దగా వినపడుతుంటే నోరీన్ కాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ముందుకి పడలేదు. పడవని దించి బురదలో కూర్చుంది. నేను రాను, ఇంటికి పోదాం, అంది. ఇంకో ఆరేడు వందల మీటర్లుంటే సరస్సు. డెల్ఫీన్ ఆమె మొహం వంక ఒకసారి చూసి, సరే పద అంది. క్యాంపులో అందరూ చుట్టూ చేరి ఎందుకు తిరిగొచ్చారంటే, డెల్ఫీన్ తన కాలే బెణికిందని కుంటి చూపించింది. వారం రోజులు కుంటింది. ఒకసారి ఎడమ కాలు, ఒకసారి కుడి కాలు కుంటుతుంటే నోరీన్ వంటింట్లో దాని జబ్బ మీద గిల్లింది. ఆ మాట ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు. యాభై ఏళ్లలో పెళ్లిళ్లు, పిల్లలు, డెల్ఫీన్ మొగుడు వదిలేసిపోవడం, అన్నీ మాట్లాడుకున్నారు, అదొక్కటే లేదు. నోరీన్ ఆ తర్వాత భయమనేదాన్ని దగ్గరికి రానివ్వలేదు. రానివ్వలేదు గనకే పెద్ద బళ్ల లైసెన్సు పరీక్షకి కూర్చున్న మొదటి ఆడది తనే ఆ ఊళ్లో. కానీ ఆ కుంటిన కాళ్లు ఎవరివి.

వెచ్చగా తగిలింది. చేతిలో డబ్బా, అడుగున ఇంకా మిగిలిన రెజిన్‌తో. ఎంతసేపు అలా నిలబడిపోయింది, ఐదు నిమిషాలా, పదా. వెచ్చదనం వేడైంది, డబ్బా గోడ మెత్తబడుతోంది, మూలన సన్నగా పొగ. "పొగే," అని డెల్ఫీన్ అనేసరికే నోరీన్ భుజంతో తలుపు తోసుకుని బయటికి నడిచి డబ్బాని కంకర మీద దించింది. లోపలి రెజిన్ పాప్‌కార్న్‌లా చిటపటలాడుతూ గడ్డకట్టింది. మొహం మీదకి ఈగల మంద. వెనక్కొచ్చి తలుపు మూసి, చెయ్యి విదిలించుకుని, నిలబడి చూసింది. నడుమున ఎనిమిదడుగులు అయ్యాయి, చక్కగా అయ్యాయి. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు, రెండు కొసలూ ఇంకా తెల్లగా ఉన్నాయి. తడి అంచు ఇంకో పావుగంటలో జిగురెక్కడం మొదలవుతుంది. కొసల దగ్గరే కష్టమంతా. అక్కడ బట్టని కత్తిరించి ఒకదానిమీద ఒకటి మడవాలి, వదిలేస్తే లేస్తుంది, పట్టుకుంటే పోయడానికి చెయ్యి ఉండదు. ఒక్కదానికి అన్నావుగా. సరే. ఒక్కదాన్నే చేస్తే ఈ కొస బాగా వస్తుంది, ఆ కొస గట్టిపడ్డాక గీకి మళ్లీ వెయ్యాలి, బరువు అరపౌండు పెరుగుతుంది. చెయ్యగలను. పెరిగినా మోస్తాను.

"ఎంతయింది?" అంది.

"ఐదు యాభై రెండు." డెల్ఫీన్ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, ఒక క్షణం ఆగి, నేల తనని భరిస్తుందో లేదో చూసుకుని, బల్ల దగ్గరికొచ్చింది. "రెండో జత తొడుగులు ఎక్కడ పెట్టావు?"

"కూర్చో."

"నోరు మూసుకుని తొడుగులియ్యి."

ఎడమ చేతికి తొడుగు ఎక్కించడానికి ఇద్దరూ కలిసి కుస్తీ పట్టారు. వేళ్లు ఒకదాని గదిలోకి ఇంకొకటి దూరుతున్నాయి. తర్వాత డెల్ఫీన్ పడవ కొస దగ్గర స్టూలు మీద కూర్చుని, బట్ట మడతలు రెండూ కలిసే చోట ఎడమ చెయ్యి ఆనించి నొక్కింది. నోరీన్ పంపులు నొక్కుతూ ఓరకంట చూసింది. చెయ్యి వణకడం లేదు. ఒళ్లో ఊరికే పడుకోబెడితే పిట్టలా కొట్టుకునే చెయ్యి, పనిలో పెట్టగానే చెక్కకి అతుక్కుని నిలిచిపోయింది. డెల్ఫీన్ కూడా దానివైపే చూస్తోంది, ఎవరిదో అన్నట్టు. "ఇదొక మాయ," అంది. "కదపకుండా ఉంచితేనే దీనికి పూనకం. కప్పులో చక్కెర వెయ్యాలంటే చక్కగా వేస్తుంది."

నాలుగో డబ్బా పోసింది. తెలుపు కరిగి, కొసన బద్దలు దగ్గరగా ముడుచుకునే చోటు బయటపడింది.

"నిన్న స్నానాల గదిలో పడ్డాను," అంది డెల్ఫీన్, బట్ట మీంచి కళ్లు తీయకుండా. "దెబ్బేం లేదు. లేవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. టబ్బు అంచు పట్టుకుని ఇరవై నిమిషాలే. ఆ దారిలో పడితే?"

"ఇరవై నిమిషాలు కూర్చుంటాం."

"వాన పడితే?"

"తడుస్తాం. చెయ్యి కొంచెం కిందికి జరుపు, అక్కడ లేస్తోంది. ఆఁ, అక్కడ."

"నన్ను మొయ్యాల్సొస్తే నోరీన్? తమాషాకి కాదు అడిగేది."

నోరీన్ రేకుతో గీకింది, దులిపింది, వంగి పక్క నుంచి వెలుతురు పడేట్టు చూసింది. మెరవట్లేదు. "చలికాలమంతా నేను నీళ్ల యంత్రంలో పోసే ఉప్పు బస్తా భుజానేసుకుని చర్చి గుట్ట ఎందుకెక్కానంటావ్?"

"పిచ్చెక్కిందని ఊరంతా అనుకుంటోంది. పోస్టాఫీసు ఆవిడ నన్నే అడిగింది, మీ నోరీన్‌కి ఇంట్లో బానే ఉందా అని."

"ఇరవై కిలోల బస్తాతో మొదలుపెట్టా. ఏప్రిల్‌కి రెండు. పడవ ఒక విడత, సామాను ఒక విడత, మధ్యలో ఉత్త చేతుల్తో వెనక్కి నడక. నువ్వు నీ కర్ర పట్టుకుని నీ నడక నడుస్తావు. నడవలేని రోజు అక్కడే గుడారం. మరుసటి రోజూ నడవలేకపోతే మరుసటి రోజూ అక్కడే. పది రోజుల తిండి కట్టుకుంటున్నా నాలుగు రోజుల దారికి. మనకోసం ఎవరు ఎదురుచూస్తున్నారు అక్కడ?" అని, గొంతు మార్చకుండానే అంది, "అప్పుడు నీ కాలు బెణకలేదు."

"తెలుసులే. నా కాలేగా."

"అందరికీ నిజం చెప్పాల్సింది నేను."

"అందరూ అంటే ఎవరే? మనిద్దరమే మిగిలాం." డెల్ఫీన్ నవ్వింది. నవ్వితే భుజం కదిలింది గాని చెయ్యి కదలలేదు. "పైగా ఆ వారమంతా పళ్లేలు నువ్వొక్కదానివే కడిగావు."

ఐదో డబ్బా, రెండో కొస. నోరీన్ స్టూలు మోసుకెళ్లి అటు పెట్టింది, డెల్ఫీన్ పడవ అంచున వేలు ఆనించకుండా, ఒక చెయ్యి గోడకి పట్టుకుంటూ చుట్టూ వచ్చింది, పదహారడుగులు, చిన్న చిన్న అడుగులతో, మధ్యలో ఒకసారి కాళ్లు నేలకి అతుక్కుంటే తనకి తానే ఒకటి రెండు అని లెక్కపెట్టుకుని మళ్లీ కదిలింది. నోరీన్ చెయ్యి అందించలేదు. అడగలేదు గనక అందించలేదు. రేకు చెక్క మీద జారే చప్పుడు, డెల్ఫీన్ ఊపిరి, బయట రోడ్డు మీద ఎవరిదో ట్రక్కు. ఇద్దరికీ ముక్కుల నిండా అదే వాసన, రెజిన్‌దీ దేవదారుదీ కలిసిపోయి. నోరీన్‌కి ఏమీ గుర్తురావడం లేదిప్పుడు. తలలో ఒక్క ఆలోచనా లేదు, చేతులు తప్ప. తెల్లగా మిగిలింది అరచేతి మందం, వేళ్ల మందం, గోరు మందం. ఆ గోరు మందం మీద డెల్ఫీన్ కుడి చేత్తో బ్రష్షు ఆనించి ఒక్క చుక్క పెట్టింది. తెలుపు పోయింది. పడవ మొత్తం, ఈ మొన నుంచి ఆ మొన దాకా, ఒకే తడి చెక్క. ఆరో డబ్బా కలపనేలేదు.

"ఆరూ ఇరవై," అంది డెల్ఫీన్, ఎవరూ అడక్కుండానే.

ఇద్దరూ చేతులు గాల్లో ఎత్తిపట్టుకుని, దేన్నీ తాకకుండా, పట్టుబడ్డ దొంగల్లా నిలబడి చూశారు. నోరీన్ వంగి పక్కవెలుతురులో ఒకసారి ఇటు, ఒకసారి అటు నడిచింది. బుడగల్లేవు. ఒకచోట మెరిసింది, ఉత్తరం వైపు అంచున, చెంచాడు. దాన్నీ గీకేసింది. బాగుంది, అనుకుంది. బాగుంది కాదు, ఇంతకంటే బాగా చేసే మనిషి ఈ కౌంటీలో ఉంటే రమ్మను, చూద్దాం. డెల్ఫీన్‌ని వస్తావా అని అడగలేదు. అడగడానికి ఏముంది. చెప్పాల్సింది తను చెప్పేసింది. రాకపోతే ఆమె ఇష్టం, సీటు మాత్రం ఉంటుంది.

తలుపు సందులో క్లేటన్ తల కనపడింది. గబుక్కున లోపలికొచ్చి తలుపు మూసి, చేతిలో స్క్రూల కాగితం సంచీతో అక్కడే ఆగిపోయాడు. పడవ వైపు చూస్తూ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు, ఇద్దరు ఆడవాళ్లూ ఒకేసారి అతని వంక తిరిగేసరికి మూసుకున్నాడు.

డెల్ఫీన్ ఇంకా పడవనే చూస్తోంది. బోర్లించిన పడవని మనసులో వెల్లకిలా తిప్పి, నీళ్లమీద పెట్టి, అందులో ఎక్కడో కూర్చుని చూసుకుంటున్నట్టుంది. "ముందు సీటు ఎంత ఎత్తులో వేస్తావు?" అంది.

"అంచు నుంచి నాలుగంగుళాలు కిందికి. మామూలుగా అంతే."

"ఆరు చెయ్యి. కిందికి కూర్చుంటే ఒరగకుండా ఉంటుంది, నాకు తూకం ఆగట్లేదు. వెనక ఆనుకోడానికి కూడా ఏదో ఒకటి పెట్టు, అల్లినది, చెక్కది వద్దు, వెన్ను నొస్తుంది."

నోరీన్ తల ఊపింది. చేతుల నిండా జిగురు, పెన్సిలు పట్టుకునే వీల్లేదు. "క్లేటన్, అక్కడ గోడ మీద పెన్సిలుంది చూడు. రాసుకో. ముందు సీటు ఆరంగుళాలు, ఆనుకునేది అల్లాలి."

అతను టోపీ బల్ల మీద పెట్టి, అచ్చు చట్రాల కొలతలు వరసగా రాసి ఉన్న గోడ మీద, వాటి కింద, పెద్ద అక్షరాల్లో రాశాడు. రాసి, తిరిగి చూసి, "ఎవరికిది?" అన్నాడు.

"నా పేరు కూడా రాయి," అంది డెల్ఫీన్. "మర్చిపోతారు మీరు."